ఆటలో ఇఖ్తియార్ ఎవరిది?

ముహమ్మద్ అబ్దుర్ రహ్మాన్ బార్కర్. ఈ పేరు మీలో ఎవరైనా విన్నారా? ఇంగ్లిష్ ద్వారా ఉర్దూ నేర్చుకునేవాళ్ల కోసం 1967లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ నుంచి ఒక పెద్ద కితాబ్ వచ్చింది, ‘ఎ కోర్స్ ఇన్ ఉర్దూ’ అని. దాని రచయితల్లో మొదటి పేరు ఈయనదే. ఉర్దూ అఖ్బార్లు చదవడం నేర్పే కితాబ్, ఉర్దూ షాయిరీ చదివించే కితాబ్ కూడా ఆయన పేరు మీద ఉన్నాయి. బలూచీ భాషకూ ఒక కోర్సు తయారుచేశాడు. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఆ పాఠాల జరూరత్ పడలేదు గానీ, ఒక అమెరికన్ మన జబాన్ కోసం ఇంత మెహనత్ చేశాడా అని పేరు గుర్తుండిపోయింది.

అదే పేరు తర్వాత ఒక ఆట పెట్టె మీద కనబడింది. 1975లో అమెరికాలో టీఎస్ఆర్ అనే కంపెనీ అమ్మిన ఆట అది. పేరు ‘ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్’, అంటే పూరేకుల తఖ్త్ సల్తనత్. ఉర్దూ ప్రొఫెసర్‌కు ఈ ఆటలతో ఏం పని అని తవ్వుకుంటూ పోతే దాదాపు రెండు వందల ఏళ్ల తారీఖ్ బయటపడింది. ఆ తారీఖ్ అంతా ఒక్క సవాల్ చుట్టూ తిరుగుతుంది. ఖిస్సా నడిపేవాడిదా ఇఖ్తియార్, అందులో నడిచేవాళ్లదా?

ముందు ఆట గురించి రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఒక పాత్ర తీసుకుంటారు: ఒకరు సిపాయి, ఒకరు దొంగ, ఒకరు జాదూగర్. ఇంకొకరు రెఫరీ. ‘మీరు అడవిలో ఉన్నారు, చీకటి పడుతోంది, దూరంగా మంట కనబడుతోంది, ఏం చేస్తారు?’ అని రెఫరీ అడుగుతాడు. పాత్రధారులు చెబుతారు. చెప్పింది జరుగుతుందో లేదో అనుమానం ఉన్నచోట పాచిక వేస్తారు. గెలుపు ఓటములు అంటూ పెద్దగా ఏమీ ఉండవు. ఒకే ఖిస్సా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది.

(పాచిక అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్ల మొహం మారుతుందని తెలుసు. ఇందులో పందెం లేదు, పైసా చేతులు మారదు. అయినా శక్ ఉంటే మీ ఆలిమ్ సాబ్‌ని అడగండి. నేను జర్నలిస్టుని, ముఫ్తీని కాదు.)

మనకు తెలిసిన దాస్తాన్‌తో పోల్చి చూస్తే ఇందులో కొత్తదనమేమిటో అర్థమవుతుంది. 1928లో కన్నుమూసిన మీర్ బాఖర్ అలీని ఢిల్లీ ఆఖరి దాస్తాన్‌గో అంటారు. ఆయన ముందు కూర్చున్నవాళ్లు వాహ్ వాహ్ అనగలరు, రాత్రంతా మేలుకుని వినగలరు. కానీ ‘అమర్ అయ్యార్ ఆ దర్వాజాలోంచి పోకూడదు, వెనక్కి తిరిగి ఊళ్లోకి వెళ్లి పడుకోవాలి’ అనలేరు. అన్నా ఆయన వినడు. ఈ ఆటలో వినేవాళ్లే అయ్యార్లు. జంబీల్ సంచీ వాళ్ల భుజానే ఉంది. దాస్తాన్‌గో దర్వాజా ఉందని చెబుతాడు, అంతే. దాటడమో మానడమో వాళ్ల ఇష్టం.

అంతేనా నిజంగా? మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఆదివారాలు దోస్తులతో ఈ ఆట ఆడతాడు. ఒకసారి చిరాగ్గా ఇంటికొచ్చాడు. ‘మామూ, మేం ఉత్తరం దారి పట్టినా అదే దేవ్, దక్షిణం పట్టినా అదే దేవ్. వాడు ముందే రాసిపెట్టుకున్నాడు. మేం ఎటు పోయినా ఫరక్ లేదు. మరి మమ్మల్ని అడగడం ఎందుకు?’ అన్నాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు తనకు తెలియకుండానే జబ్ర్, ఇఖ్తియార్ అనే పాత బహస్‌లోకి దిగాడు. ఇది ఆటలో బహస్ కాబట్టి తెగుతుంది, తారీఖ్ చూస్తే కొంత తెగింది కూడా.

కథ ప్రష్యాలో మొదలవుతుంది. 1812లో ఫాన్ రైస్‌విట్జ్ అనే ఆయన అక్కడి రాజు కోసం ఒక బల్ల చేయించాడు. కొండలు, నదులు, ఊళ్లు ఉన్న చిన్న దునియా. దాని మీద ఫౌజుల్ని జరుపుతూ జంగ్ ఆడాలి. 1824లో ఆయన కొడుకు, ఫౌజీ అఫ్సర్, దాన్ని నక్షాల మీద ఆడే ఆటగా మార్చి కాయిదాలు అచ్చువేశాడు. పేరు ‘క్రీగ్‌ష్‌పీల్’, జర్మన్‌లో యుద్ధ క్రీడ. చదరంగం కూడా జంగే కదా అంటారేమో. షత్రంజ్‌లో గుర్రం రెండున్నర గళ్లు దాటి పోనంటుంది. ఎందుకు పోదూ అని అడిగే హక్కు మనకు లేదు. క్రీగ్‌ష్‌పీల్‌లో ఆడేవాళ్లు పావుల్ని ముట్టుకోరు. ‘ఈ దళం రాత్రికి రాత్రి వంతెన దాటాలి’ అని హుకుం రాసి మధ్యనున్న అంపైర్‌కు ఇస్తారు. అసలు జంగ్‌లో సేనాపతి ఏ హుకుం ఇవ్వగలడో అది ఇక్కడా ఇవ్వొచ్చు. జరిగేదేమిటో అంపైర్ చెబుతాడు. చీటీ మీద ఏమైనా రాయొచ్చు అన్న ఆ చిన్న ఇజాజత్‌లోనే తర్వాతదంతా ఉంది.

అయితే ఆ కాయిదాల పుస్తకం బరువెక్కిపోయింది. ప్రతిదానికీ లెక్కలు, పట్టికలు. 1870ల నాటికి అఫ్సర్లకు విసుగొచ్చింది. 1876లో వెర్డి డు వెర్నువా అనే జనరల్ ఒక మార్గం చూపించాడు: పట్టికలు పక్కనపెట్టండి, జంగ్ చూసిన అనుభవజ్ఞుడిని అంపైర్‌గా కూర్చోబెట్టండి, అతని తీర్పే కాయిదా. ఆడేవాడికి ఇఖ్తియార్ పెరిగింది, నిజమే. అంపైర్‌కు ఇంకా ఎక్కువ పెరిగింది. మా భాంజా తగాదాకు విత్తనం ఇక్కడే పడింది.

ఆ ఆట సముద్రం దాటింది. 1880లో చార్లెస్ టాటన్ అనే అమెరికన్ ఫౌజీ అఫ్సర్ ‘స్ట్రాటెగోస్’ అనే యుద్ధ క్రీడా గ్రంథం అచ్చువేశాడు. ఎనభై ఏళ్లు దుమ్ము కొట్టుకుపోయి ఉన్న ఆ కితాబ్, 1960ల్లో డేవిడ్ వెస్లీ అనే కుర్రాడికి మిన్నెసోటా యూనివర్సిటీ లైబ్రరీలో దొరికింది. ఆటగాడు ఏ పని తలపెట్టినా రెఫరీ దానికి జవాబు ఇవ్వాలి అన్న ఆలోచన అతని బుర్రలో నాటుకుపోయింది. లైబ్రరీల్లో పాత కితాబులు తూకానికి వేసేవాళ్లు ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకుంటే బాగుణ్ను.

1969లో వెస్లీ తన దోస్తులకు ఒక ఆట పెట్టాడు. నెపోలియన్ జమానా, జర్మనీలో ‘బ్రౌన్‌స్టైన్’ అనే ఖయాలీ ఊరు. రెండు ఫౌజులు ఆ ఊరి మీదికి వస్తున్నాయి. ఫౌజులు నడిపేవాళ్లు ఇద్దరే కాబట్టి మిగిలినవాళ్లకు ఊళ్లో పాత్రలు పంచిపెట్టాడు: నువ్వు మేయర్‌వి, నువ్వు బ్యాంకర్‌వి, నువ్వు యూనివర్సిటీ పెద్దవి. ఒక్కొక్కరినీ వరసగా పిలిచి ఏం చేస్తారో అడుగుదాం అనుకున్నాడు. అతను ఒకరితో మాట్లాడుతుండగా మిగిలినవాళ్లు ఊరికే కూర్చోలేదు. మూలల్లో గుసగుసలు, ఒప్పందాలు, కుట్రలు మొదలయ్యాయి. ఇద్దరు ద్వంద్వ యుద్ధానికే దిగారు. దానికి కాయిదా ఎక్కడుంది? వెస్లీ అప్పటికప్పుడు ఒకటి కల్పించాల్సి వచ్చింది. అసలు జంగ్ జరగనే లేదు. ఆట పాడైపోయిందని వెస్లీ తల పట్టుకున్నాడు. దోస్తులు మాత్రం ‘మళ్లీ ఎప్పుడు?’ అన్నారు.

నాకు ఈ తారీఖ్‌లో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది. ఈ ఇఖ్తియార్‌ను ఎవడో ఉస్తాద్ బల్ల మీద గీసి ఇవ్వలేదు. రెఫరీ వేరేవాళ్లతో బిజీగా ఉన్నప్పుడు ఆటగాళ్లు దాన్ని తీసేసుకున్నారు.

అలా తీసుకున్నవాళ్లలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. వెస్లీ తర్వాత పెట్టిన మరో ఆటలో, దక్షిణ అమెరికాలోని ఒక ఖయాలీ దేశంలో, ఇతనికి శాంతియుత విప్లవకారుడి పాత్ర వచ్చిందట. ఇంటినుంచే నకిలీ సీఐఏ గుర్తింపు కార్డు తయారుచేసుకుని వచ్చాడట. అసలు గూఢచారిని తనేనని అందరినీ నమ్మించి, ఆఖరికి దేశ ఖజానా మొత్తం హెలికాప్టర్‌లో వేసుకుని కరపత్రాలు చల్లుతూ వెళ్లిపోయాడని ఆ తరం ఆటగాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కా అయ్యారీ!

వెస్లీ ఫౌజీ నౌకరీకి వెళ్లాక ఆట ఆర్నెసన్ చేతికొచ్చింది. 1971లో ‘బ్లాక్‌మూర్’ మొదలుపెట్టాడు: ఒక ఖిలా, దాని చుట్టూ ఊరు, ఖిలా కింద నేలమాళిగలు. ఆటగాళ్ల డ్యూటీ ఖిలాను దుష్మన్ల నుంచి కాపాడటం. వాళ్లకేమో కింద ఖజానా ఉందని తెలిసింది. పైన కాపలా వదిలేసి అందరూ కిందికే పరుగులు. ఆర్నెసన్ వాళ్లను ఆపలేదు. ‘వద్దు’ అనలేదు, నేలమాళిగ తలుపు మూసేయలేదు. దుష్మన్లు వచ్చి ఖిలా తీసుకున్నారు, వీళ్లు దేశం విడిచి దూరంగా ఒక సరస్సు పక్క ఊరికి పోయి బతకాల్సి వచ్చింది. ఆట అక్కడినుంచి సాగింది.

ఇఖ్తియార్ అంటే మనం తరచుగా ‘నా ఇష్టం’ అనుకుంటాం. అది సగమే. నేను చేసినదానికి దునియా జవాబు ఇవ్వాలి, అదీ ఇన్సాఫ్‌తో ఇవ్వాలి, అప్పుడే మిగతా సగం. ఖిలా పోకపోయి ఉంటే ఆ ఆటగాళ్ల ఇష్టానికి ఖీమత్ లేదు. అలాగే, కళ్లకు గంతలు కట్టి రెండు దార్లలో ఒకటి కోరుకో అంటే అది లాటరీ. దారి గురించి నాలుగు మాటలు వాకబు చేసి తెలుసుకునే వీలుండాలి. మా భాంజా విషయంలో తెలుసుకోవడమూ లేదు, జవాబూ లేదు. ఉన్నదల్లా అడిగినట్టు నటించడం.

ఆర్నెసన్, విస్కాన్సిన్‌లోని గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో ఈ ఆటను ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో అచ్చువేశారు. ఒక పెట్టె, మూడు చిన్న కితాబులు, మొదటి విడత వెయ్యి కాపీలు. మూడో కితాబ్‌లో అడవులు, ఎడారులు తిరగడానికి వేరే కంపెనీ అమ్మే ‘అవుట్‌డోర్ సర్వైవల్’ అనే ఆట తాలూకు నక్షా కొనుక్కొమ్మని సలహా ఇచ్చారు! నక్షా నిండా షట్కోణాలు. ఏ గడిలో అడుగుపెడతారో ఆటగాళ్లే తేల్చుకోవాలి, ఎదురయ్యేది పాచిక తేలుస్తుంది. ఈ పద్ధతికి తర్వాతి కాలంలో ‘శాండ్‌బాక్స్’ అనే పేరు స్థిరపడింది. ఇసుక పోసి ఇచ్చి, పిచ్చుకగూళ్లు కట్టుకుంటారో కోటలు కట్టుకుంటారో పిల్లలకే వదిలేయడం.

ఇప్పుడు మన ప్రొఫెసర్ దగ్గరికి వద్దాం. 1929లో పుట్టాడు, అసలు పేరు ఫిలిప్. 1951లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద హిందుస్తాన్ వచ్చి, ఇక్కడున్నప్పుడే ఇస్లాం స్వీకరించాడు. తిరిగి వెళ్లి అమెరికా ఆదివాసీల క్లామత్ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడు. మెక్‌గిల్‌లో చాలా ఏళ్లు, మధ్యలో లాహోర్‌లోనూ కొంతకాలం పనిచేసి, 1972లో మిన్నెసోటా యూనివర్సిటీకి చేరాడు. వెస్లీ, ఆర్నెసన్‌ల ఊరికే! చిన్నప్పటినుంచి తన బుర్రలో కట్టుకుంటున్న ‘తేకుమెల్’ అనే దునియా ఆయన వెంటే ఉంది. దానికి భాషలున్నాయి, లిపులున్నాయి, వేల ఏళ్ల తారీఖ్ ఉంది. త్సోల్యాని అనే తన ఖయాలీ భాషకు వ్యాకరణం కూడా అచ్చువేశాడు. కొత్త ఆట చూడగానే ఆ దునియాను దానిలో పోశాడు.

ఆయన ఆటలో పాత్రలు మహావీరులుగా మొదలవరు. చిన్న పడవలో జకాల్లా అనే రేవుకు చేరిన పరదేశీలు వాళ్లు. వంశం లేదు, ఖబీలా లేదు, అక్కడి జబాన్ సరిగ్గా రాదు, అదబ్ కాయిదాలు తెలియవు. ఊరంతా తిరగడానికి వీల్లేదు. పరదేశీల మొహల్లాలో ఉండి, పని ఇచ్చే పెద్దమనిషి కోసం ఎదురుచూడాలి. తప్పు వీధిలో తప్పు మాట అన్నారో ప్రాణం పోతుంది.

ఇది చదివినప్పుడు నాకు మన ఇళ్లు గుర్తొచ్చాయి. జిద్దాలో, దమ్మామ్‌లో, దుబాయ్‌లో దిగిన మన అన్నదమ్ములు, మామూలు, చాచాలు. కఫీల్ దొరికితేనే ఇఖామా. పాస్‌పోర్ట్ కఫీల్ బీరువాలో. ఏ మాట అనొచ్చో ఏది అనకూడదో ఎవరూ చెప్పరు, తప్పు చేశాకే తెలుస్తుంది. వాళ్లకు ఇఖ్తియార్ లేదా? ఉంది. ఏ గదిలో ఎవరితో ఉండాలి, ఎవరిని నమ్మాలి, జీతం ఆపేస్తే భరించాలా లేక లేబర్ కోర్టు మెట్లెక్కాలా. ఇరుకులో చేసే ఎంపిక బరువు విశాలమైన మైదానంలో ఉన్నవాడికి తెలియదు. బార్కర్ ఆట నేర్పింది ఇదే. గోడలు ఉంటే ఇఖ్తియార్ పోదు. గోడలు ఎక్కడున్నాయో తెలిసి, అవి రోజుకో చోటికి జరగకుండా ఉంటే చాలు.

ఆయన ఇంట్లో గురువారాలు మజ్లిస్ జరిగేది, దశాబ్దాల పాటు. ఆర్నెసన్ కూడా అక్కడ ఆటగాడిగా కూర్చున్నాడు. ఆటగాళ్ల పాత్రలు చేసిన పనులు తేకుమెల్ తారీఖ్‌లో చేరిపోయాయి. బార్కర్ రాసుకున్న దునియాలో కొన్ని వరఖ్‌లు వాళ్లు రాశారు.

1980లకు గాలి మారింది. 1984లో టీఎస్ఆర్ ‘డ్రాగన్‌లాన్స్’ అనే వరస తెచ్చింది. నవలలు, ఆట కలిసి నడిచే పెద్ద ఖిస్సా. నవలలో ఉన్న హీరో ఆటలో మధ్యలోనే చచ్చిపోతే ఎట్లా? అందుకని ముఖ్య పాత్రలు చనిపోయినా శవం దొరక్కుండా చూడండి, తర్వాత బతికొచ్చాడని చెప్పుకోవచ్చు అని రెఫరీలకు సలహా ఇచ్చారు. చాలామంది ఇష్టపడ్డారు, అది కాదనలేం. మంచి ఖిస్సా మధ్యలో నిలబడే మజా వేరు. కానీ పట్టాలు వేసి రైలెక్కించాక డ్రైవర్ సీటు ఇచ్చి ఏం లాభం? ఇంగ్లిష్‌లో దీన్ని ‘రైల్‌రోడింగ్’ అంటారు. మా భాంజా ఎక్కింది ఆ రైలే.

దానికి ఎదురుగా కొత్త శతాబ్దం మొదట్లో బెన్ రాబిన్స్ అనే అమెరికన్ ‘వెస్ట్ మార్చెస్’ అనే ఆట నడిపి, 2007లో దాని తరీఖా రాశాడు. ఎప్పుడు ఆడాలో ఆటగాళ్లే నిర్ణయిస్తారు, ఎవరెవరు వెళ్లాలో వాళ్లే, ఎటు వెళ్లాలో వాళ్లే. ముందే చెప్పాలి, రెఫరీ ఆ వైపు నక్షా సిద్ధం చేసుకోవాలి కదా. సరిహద్దు ఊరు ఒకటి, అక్కడ భయం లేదు, మజాలు కూడా లేవు. ప్రమాదం అంతా అవతలి అడవుల్లో. వచ్చినవాళ్లు బలహీనులని అడవిలోని దేవ్ చిన్నదైపోదు. బలం చాలకపోతే పరుగెత్తి వెనక్కి రావాలి, ఊళ్లో వాళ్లకు చెప్పాలి. ఎవరు చూసింది వాళ్లు ఒకే ఉమ్మడి నక్షా మీద గీస్తారు. మొహల్లా క్రికెట్ ఆడినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. టీమ్ మనమే, టైమ్ మనమే, గోడ దాటి పడిన బాల్ తెచ్చుకోవాల్సింది కూడా మనమే.

ఇక మొదటి పేరాలో బార్కర్ పేరు చూసి ‘మనవాడే’ అని ఖుష్ అయినవాళ్లు ఈ ముక్క కూడా చదవాలి. ఆయన 2012లో చనిపోయాడు. 2022 మార్చిలో ఆయన రచనల బాధ్యత చూసే తేకుమెల్ ఫౌండేషన్ ఒక ప్రకటన చేసింది. 1991లో వచ్చిన ‘సర్పెంట్స్ వాక్’ అనే నవల మారుపేరుతో ఆయన రాసిందేనని. నాజీల వారసులు హీరోలుగా ఉన్న నవల అది. వేసింది అమెరికాలోని నాజీవాద సంస్థ ప్రచురణ విభాగం. అంతేకాదు, లక్షల యూదుల ఖత్ల్-ఎ-ఆమ్ జరగనే లేదని వాదించే ఒక పత్రిక సలహామండలిలోనూ ఆయన పేరు ఏళ్ల తరబడి ఉంది. ఇది ఇంకా ముందే బయటపెట్టాల్సిందని ఫౌండేషనే ఒప్పుకుంది.

మనలో కొందరు దీన్ని తేలిగ్గా తీసుకుంటారని భయం. ఫలస్తీన్ మీద మనకున్న దర్ద్ వేరు. హిట్లర్ చేసింది జరగలేదనడం వేరు. రెండోదాన్ని దాచడానికి మొదటిదాన్ని పర్దాగా వాడితే ఫలస్తీనీలకు మనం చేసే మేలేమీ లేదు. కొందరి చావుల్ని లెక్కలోంచి తీసేయడం ఎట్లా ఉంటుందో ఈ దేశంలో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నేను చాలాసేపు ఆలోచించింది ఇంకో సంగతి. గురువారం బల్ల దగ్గర ఆ మనిషికి ఎదురు మాట్లాడేవాళ్లు ఉన్నారు. ‘కాదు ప్రొఫెసర్, మేం ఆ గుడిలోకి పోం’ అనగలవాళ్లు. వాళ్ల కోసం ఆయన తన దునియాలో జాగా ఇవ్వాల్సి వచ్చింది. నవల రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ లేరు. అందులో ప్రతి మనిషీ ఆయన చెప్పిన చోటికే నడుస్తాడు.

ఆ ప్రకటన తర్వాత తేకుమెల్ ఆడేవాళ్లలో కొందరు పెట్టె మూసి పక్కన పెట్టేశారు. కొందరు, ఇది ఇన్నేళ్లు మేం కూడా కట్టిన ఊరు, ఒక్కడిది కాదు అని ఆట సాగించారు. ఎవరిది సరైనదో చెప్పమంటే, ఆ బల్ల దగ్గర కూర్చోని నేను చెప్పలేను, వాళ్లు చెప్పాలి. ఉర్దూ కోర్సు సంగతి మాత్రం చెప్పగలను. ఆ కితాబ్ ఎక్కడైనా మీ చేతికి వస్తే బార్కర్ పేరు దగ్గరే ఆగిపోకండి, కింద ఇంకో ముగ్గురు ఉన్నారు: హసన్ జహంగీర్ హమ్దానీ, ఖ్వాజా ముహమ్మద్ షఫీ దెహ్లవీ, షఫీఖుర్ రహ్మాన్.